గుండె దడకు వైద్యము: మన ప్రాంతమునకు మనోవైద్యము వచ్చిన త్రోవ

శతవార్షిక సంచికకు మన ఆసుపత్రుల చరిత్రను వ్రాసి ఇమ్మని సంపాదకవర్గము వారు కోరినపుడు, అది సులువైన పనియే అనుకొని ఒప్పుకున్నాము. పాత నివేదికలు, పెద్దలు చెప్పిన సంగతులు ప్రోగు చేసికొని కూర్చున్న తరువాత ఒక విషయము మా మనస్సుకు తట్టినది. కలరా, మశూచి, కుష్ఠు, కాన్పులు, కంటి ఆపరేషన్లు, వీటన్నిటిని గూర్చి మన పెద్దలు ఎంతో వ్రాసి ఉంచారు. భయము అను జబ్బును గూర్చి మాత్రము ఒక్క మాట లేదు. ఆ జబ్బు మన ఇండ్లలో లేక కాదు. మా ఇంటిలోనే ఉన్నది. మాకే వచ్చినది. అందుచేత అడిగినది ఒకటి, మేము వ్రాయుచున్నది మరియొకటి. సంపాదకులు క్షమించవలెను.

మొదట ఆసుపత్రుల సంగతి. డాక్టరు అన్నా సారా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చినపుడు ఆమెను పంపిన బోర్డు వారు వైద్యము కొరకు పంపలేదు. స్త్రీలకు బోధించుటకే నియమించారు. ఆమె తన మందుల పెట్టెను వెంట తెచ్చుకున్నారు. మగ వైద్యునికి నాడి చూపించని కుటుంబముల స్త్రీలు ఆమె వద్దకు వచ్చారు. 1898లో స్త్రీల కొరకు, బిడ్డల కొరకు ఆసుపత్రి తెరచుకున్నది. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. చీరాలలో డాక్టరు మేరీ బేర్ గారి పేర ఆసుపత్రి, ఒంగోలులో క్లౌ దొరగారి పేర బాప్తిస్టుల ఆసుపత్రి ఇదే త్రోవలో వచ్చినవి. కాన్పుకు ఆసుపత్రికి పోవుట సిగ్గు అనుకొన్న ముసలమ్మల మనుమరాండ్రు, రెండు తరములు తిరగకుండ, కాన్పుకు ఇంటిలో ఉండుటయే ప్రమాదము అనసాగిరి. ఈ నల్లరేగడి నేల మీది జనము కన్నుకు, పన్నుకు, కడుపుకు, గర్భమునకు ఆసుపత్రికి పోవుట అట్లు నేర్చుకున్నారు. మనస్సుకు పోవుట మాత్రము నేర్చుకోలేదు. నేర్చుకొనుటకు అప్పటిలో ఆ తలుపు కూడ లేదు.

మాటలు మాత్రము మనకు ఉన్నవి. బెంగ పెట్టుకున్నాడు అంటాము. బెదురు అంటాము. గుండె జారింది, గుండె దడ, మనోవర్తి, గాలి సోకింది, కన్ను తగిలింది, ఇన్ని మాటలు. పిల్లవానికైతే తాయెత్తు, ఆడదానికైతే సోదె, మగవానికైతే ‘నరాల బలహీనత’. ఈ చివరి మాట గౌరవమైనది. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు దానికి బలము ఇంజెక్షను వేసి, ఎర్రటి టానిక్కు సీసా ఒకటి ఇచ్చేవాడు. మన క్రైస్తవ కుటుంబములు తాయెత్తుకు పోవని మనము చెప్పుకొంటాము. చీకటి పడిన తరువాత పోయినవారి సంగతి అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

ఆ రోజులలో ప్రభుత్వము వారు మనస్సు జబ్బుకు కట్టిన కట్టడము ఒకటే: విశాఖపట్టణమున వాల్తేరు ఆసుపత్రి. అది 1871 నాటిది. అప్పటి దాని పేరు పిచ్చివారి ఆశ్రయము. పేరుకు తగినట్లు గోడలు, తాళములు. 1912 నాటి చట్టము ప్రకారము అటువంటి చోటికి మనిషిని చేర్చుటకు సాధారణముగా మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. దారిన తిరుగువానిని పోలీసులు పట్టి తేవచ్చును. ఆ చట్టములోనే ఒక చిన్న సందు ఉన్నది: తనకు తానుగా వచ్చినవానిని కూడ చేర్చుకొనవచ్చును, అయితే ఆ ఆశ్రయమును తనిఖీ చేయు సందర్శకులలో ఇద్దరు సమ్మతించవలెను. మన ఊరి రైతు ఎవడైనను అర్ధరాత్రి గుండె దడతో లేచి, ఇద్దరు సందర్శకుల సమ్మతి కొరకు వాల్తేరు రైలెక్కుతాడా? ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత హైదరాబాదు ఎర్రగడ్డ మనకు రెండవ పేరు అయినది. 1953లో జాల్నా నుండి అక్కడకు మార్చిన ఆసుపత్రి అది. ఆ రెండు పేర్లను మనము తిట్లుగా వాడుకున్నాము. బడిలో పిల్లలు కూడ వాడేవారు. జబ్బు పేరు చెప్పగానే ఆ గోడలే కండ్ల యెదుట నిలిచినపుడు, ఎవడు నోరు తెరచి చెప్పుతాడు?

ఈ గోడలలో ఒక తలుపు తెరచినవారిలో మనవారు కొందరు ఉన్నారు. ఈ సంగతి మన సంఘములలో అంతగా తెలియదు గనుక కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

స్టాన్లీ జోన్స్ గారి పేరు మన పెద్దలందరికీ పరిచయమే. ఆయన భారతదేశము వచ్చిన తొలి సంవత్సరములలో ఒకసారి కాదు, పలుమార్లు నరముల పట్టు తప్పి కూలిపోయారు. విశ్రాంతికి స్వదేశము వెళ్ళి వచ్చినను తగ్గలేదు. లక్నోలో ఒక దేవాలయమున ప్రార్థనలో తనకు స్వస్థత దొరికినదని ఆయనే సాక్ష్యమిచ్చి, వ్రాసికొన్నారు కూడ. ఇంతవరకు మన ప్రసంగీకులు చెప్పుతారు. తరువాతి సంగతి చెప్పరు. ప్రార్థనలో స్వస్థత పొందిన ఆ మనిషియే, 1950లో, అదే లక్నోలో, నూర్ మంజిల్ అను మనోవైద్య కేంద్రమును స్థాపించారు. ప్రార్థన చాలదు అని ఆయన అనలేదు. డాక్టరు అక్కరలేదు అని కూడ అనలేదు. ఈ రెండింటి మధ్య మన సంఘములలో జరుగుచున్న తగవు ఆయనకు తగవుగా కనబడలేదు.

ఆ దశాబ్దములోనే అమృతసరము ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో డాక్టరు విద్యాసాగర్ గారు ఒక పని చేశారు. లోపల చోటు చాలక, ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు ఇంటివారిని కూడ ఉండనిచ్చారు. కుటుంబము దగ్గరనున్న రోగి త్వరగా కోలుకొనుట ఆయన చూశారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు 1957లో బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రము ప్రారంభించినపుడు అదే పద్ధతిని తీసికొన్నారు. దానికి మొదట పూనుకున్నవారు ఫ్లోరెన్స్ నికల్స్ గారను కెనడా దేశపు మిషనరీ డాక్టరు. అక్కడ రోగిని వదలి పోవుటకు వీలులేదు. ఇంటివారు ఒకరైనా వెంట ఉండవలెను, వండి పెట్టవలెను, డాక్టరు చెప్పునది వినవలెను.

మా అక్కయ్యను 1966లో అక్కడకు తీసికొని పోయారు. అప్పటికి ఆమెకు ముప్పది ఏండ్లు, ఇద్దరు బిడ్డలు. పొయ్యి వద్ద కూర్చున్న మనిషి ఉన్నట్టుండి చెమటలు పట్టి, ప్రాణము పోవుచున్నదని కేకలు వేసేది. మా నాన్నగారు రెండెకరముల ప్రత్తి పైరు మీద అప్పు తెచ్చి, అమ్మను, అక్కను వెంటబెట్టుకొని కాట్పాడి రైలుకు బయలుదేరారు. ఊరిలో కడుపు ఆపరేషను అని చెప్పారు. రెండు నెలలు అమ్మ అక్కడ కిరసనాయిలు స్టవ్ మీద వంట చేసినది. తిరిగి వచ్చిన తరువాత ఊరి ఆడవారు ఆపరేషను మచ్చ చూపమని అక్కను అడిగారు. లోపలి ఆపరేషనమ్మా అన్నది అమ్మ. ఆ అబద్ధమునకు అమ్మ చనిపోవు వరకు బాధపడినది, గాని నిజము మాత్రము చెప్పలేదు. అక్కకు మరల ఆ జబ్బు రాలేదు.

మందుల చరిత్ర కూడ ఒక్క మాటలో చెప్పవలెను. మన సర్పగంధ వేరు ఉన్మాదమునకు, రక్తపోటుకు పనిచేయునని కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ గార్లు 1931లోనే ప్రకటించారు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజైన్ వచ్చిన తరువాత ఆసుపత్రుల గొలుసులు సడలినవి. భయపు జబ్బుకు 1960లో లిబ్రియం, 1963లో వాలియం వచ్చినవి. వాలియం మందే మన దేశమున ‘కాంపోజ్’ అను పేరున పల్లెల దాక పాకినది. చీటీ లేకుండ మందుల షాపులో అడిగి కొనుక్కొని, ఏండ్ల తరబడి రాత్రికి ఒకటి మ్రింగినవారు మన మధ్య తక్కువ లేరు. డాక్టరు చూచి, కొద్ది రోజులకు ఇచ్చినంతవరకు అది మంచి మందే. అలవాటైన తరువాత ఒక్కసారిగా మానినచో భయము రెట్టింపుగా తిరిగి వచ్చును. మూర్ఛ కూడ రావచ్చును. ఇది తెలియక నలిగిపోయిన పెద్దమనుషులను మేము ఎరుగుదుము.

ఇక మన నేల సంగతి. 1977 నవంబరు 19న దివిసీమను, మన రేపల్లె వైపు తీరమును ముంచిన ఉప్పెన తరువాత, గాలి శబ్దము వినగానే వణికిపోవు మనుషులను సహాయ శిబిరములలో చూచాము. బియ్యము, బట్టలు, ఇండ్లు ఇచ్చాము. ఆ వణుకుకు ఏమి ఇవ్వవలెనో మాకు తెలియలేదు. పదేండ్లకు, 1987లో, గుంటూరు ప్రకాశం జిల్లాల ప్రత్తి పొలములను తెల్లదోమ మింగినది. మందు మీద మందు కొట్టినకొలది పురుగు మొండికెక్కినది, అప్పు పెరిగినది. కొందరు రైతులు ఆ పురుగు మందునే త్రాగారు. ఈ సంగతి మనకు 2021లో కూడ జ్ఞాపకము వచ్చినది, క్రొత్త రకపు తామర పురుగు మిరప పూతను తినివేసిన యేడు. అప్పుకు మందు అప్పు తీరుటయే; డాక్టరు బిళ్ళతో బ్యాంకు బాకీ తీరదు. ఇది మేము ఎరుగుదుము. అయితే అప్పు ఉండగా పడు దిగులు వేరు. అప్పు తీరి, పంట ఇంటికి చేరి, బిడ్డలు కుదుటపడిన తరువాత కూడ తెల్లవారుజామున మూడు గంటలకు గుండె డప్పు కొట్టినట్లు కొట్టుకొనుట వేరు. రెండవది జబ్బు. మాకు వచ్చినది ఆ రెండవది.

అది 1996 ఫిబ్రవరి. అప్పటికి మాకు నలభై రెండేండ్లు. బడి పంతులు ఉద్యోగము, ఎకరమున్నర మిరప. ఆ యేడు పంట బాగున్నది, ధర కూడ బాగున్నది. కల్లములో కాయలు ఎండబోసి, కాపలాకు నులక మంచము మీద పడుకున్నాము. అర్ధరాత్రి మెలకువ వచ్చినది. ఊపిరి ఆడలేదు. చేతులు తిమ్మిరెక్కినవి. గుండె ఆగిపోవుచున్నదని నిశ్చయము చేసికొని, బిడ్డల పేర్లు తలచుకున్నాము. ప్రక్క కల్లము వారు ట్రాక్టరు మీద వేసికొని పోయి సెలైను పెట్టించారు. తెల్లవారేసరికి ఏమీ లేదు. వారము దినములకు మరల అదే. తరువాత రెండు సంవత్సరములలో గుంటూరు కొత్తపేటలో నాలుగుసార్లు ఇ.సి.జి. తీయించాము. నాలుగుసార్లూ గుండె బాగున్నదన్నారు. బాగున్నదన్న మాట వినుటకు డబ్బు ఇచ్చి, వినిన తరువాత నమ్మలేక ఇంటికి వచ్చేవారము. కల్లము కాపలాకు కూలికి మనిషిని పెట్టాము. బస్సులో కిటికీ ప్రక్కన తప్ప కూర్చోలేము. దేవాలయములో వాకిలి దగ్గర బల్ల మీద కూర్చోసాగాము, బయటికి పోవుటకు దారి ఉండవలెనని.

ఒక ప్రార్థన కూటములో ఒక పెద్దగారు, అందరి యెదుట, చింత అనునది అల్పవిశ్వాసమని, మాస్టరుగారి కొరకు ప్రత్యేకముగా ప్రార్థించవలెనని అన్నారు. ప్రేమతోనే అన్నారు. కూటము ముగిసి భోజనమునకు కూర్చొనగానే ఆయన జేబులోనుండి షుగరు బిళ్ళ తీసి వేసికొన్నారు. అప్పుడు మాకు నవ్వు రాలేదు, ఇప్పుడు వచ్చుచున్నది. చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పడుకున్న ఏలీయాను దూత మొదట గద్దించలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి నిద్రపోనిచ్చాడు. ఆ అధ్యాయమును ఆ పెద్దగారే మాకు ఆదివారపు బడిలో నేర్పారు.

నాలుగవ ఇ.సి.జి. చూచిన డాక్టరుగారు కుర్చీ దగ్గరగా జరుపుకొని, “మాస్టారూ, మీ గుండెకు జబ్బు లేదు. జబ్బు లేదని కాదు, అది గుండెలో లేదు” అని, మానసిక వైద్యునికి ఒక చీటీ వ్రాసి ఇచ్చారు. ఆ చీటీని మడచి క్రైస్తవ కీర్తనల పుస్తకములో పెట్టాము. పదకొండు నెలలు అక్కడే ఉన్నది. ఆదివారము ఆదివారము ఆ పుస్తకము తెరచేవారము, పాడేవారము, మూసేవారము. ఉపాధ్యాయుడు పిచ్చి డాక్టరు దగ్గరకు పోయినాడని తెలిసినచో పిల్లల తల్లిదండ్రులు ఏమంటారు? పెద్దమ్మాయికి సంబంధములు చూచుచున్న రోజులు. చివరకు శ్రమకాలపు పాట ఒకటి వెదకుచు మా ఇంటావిడ ఆ చీటీ చూచినది. “ఇదేమిటండీ?” అన్నది. చెప్పాము. ఆమె ఏడ్వలేదు, కోపపడలేదు. “రేపు మొదటి బస్సుకి పోదాం. అన్నం పొద్దున్నే వండేస్తాను” అన్నది.

డాక్టరుగారి వరండాలో బల్ల మీద మాకు ముందే ఒకరు కూర్చొని ఉన్నారు. ప్రక్క పాస్టరేటు సంఘ పెద్ద. ఎన్నో కన్వెన్షనులలో కలిసి పనిచేసిన మనిషి. ఇద్దరము ఒకరినొకరు చూచికొని తెల్లబోయాము. “మా బావమరిదిని చూపించడానికి వచ్చాను మాస్టారూ” అన్నారాయన. “మేము కూడ బావమరిది కోసమే” అన్నాము. గంటసేపు కూర్చున్నాము. ఇద్దరి బావమరుదులూ రాలేదు.

లోపల జరిగినది చాల సామాన్యము. నిద్ర ఎట్లున్నది, టీలు ఎన్ని త్రాగుతారు, ఇంటిలో ఎవరికైనా ఇటువంటిది ఉన్నదా అని అడిగారు. అక్కయ్య సంగతి మొదటిసారి బయటివారికి చెప్పాము. థైరాయిడ్ పరీక్ష వ్రాశారు. అది ఎక్కువైనను గుండె దడ వచ్చునట. తరువాత కాగితము మీద ఒక చక్రము గీశారు. భయము కలుగును, ఊపిరి వేగమగును, ఊపిరి వేగము వలన తిమ్మిరి, దడ కలుగును, ఆ దడను చూచి మరింత భయము. ఎలుగుబంటి ఎదురుపడినపుడు మనిషిని కాపాడుటకు శరీరములో ఉన్న ఏర్పాటే ఇది, ఎలుగు లేకుండ మ్రోగుచున్నది అన్నారు. ఇందులో ప్రాణము పోదు అని చెప్పి, ఎందుకు పోదో కూడ చెప్పారు. అంతవరకు అందరూ ఏమీ లేదు అన్నారేగాని, ఏమున్నదో ఒక్కరూ చెప్పలేదు.

మందు రెండు మూడు వారములకు గాని పనిచేయదని, మొదట కడుపులో త్రిప్పునని, మధ్యలో మానవద్దని గట్టిగా చెప్పారు. మొదటి వారము జబ్బే నయమనిపించినది. ఇంటావిడ లేనిచో మానివేసేవారమే. నెల దాటిన తరువాత, ఒక తెల్లవారుజామున కోడి కూతకు మెలకువ వచ్చి, అంతవరకు నిద్రపోయినామని తెలిసికొని ఆశ్చర్యపోయాము. అయితే మందు సగము పనే చేసినది. మిగిలిన సగము డాక్టరుగారు మా చేతనే చేయించారు. తప్పించుకొని తిరిగిన చోట్లకే తిరిగి పొమ్మన్నారు. మొదట పగలు కల్లములో కూర్చొనుట. తరువాత ఇంటావిడతో రాత్రి రెండు గంటలసేపు. తరువాత ఒంటరిగా. దడ వచ్చినపుడు పరుగెత్తక, వచ్చి పోవు వరకు కూర్చొనవలెను. 1999 మార్చిలో మేము ఒక్కరమే కల్లములో తెల్లవార్లు పడుకున్నాము. రాత్రి రెండుసార్లు దడ వచ్చినది. దానంతట అదే పోయినది. ప్రొద్దున ఇంటావిడ కాఫీ చెంబుతో వచ్చి, ఏమీ అడుగకుండ, కాయలు కలియబెట్టుట మొదలు పెట్టినది.

పదునాలుగు నెలలు వాడి, డాక్టరుగారు చెప్పినట్లు కొంచెము కొంచెముగా తగ్గించి మందు మానాము. 2007లో మరల వచ్చినది. ఈసారి చీటీ పాటల పుస్తకములోనికి పోలేదు, వారములోపే వెళ్ళాము.

ఈ మధ్య కాలములో ప్రభుత్వము వైపు నుండి కూడ త్రోవ కొంత చదును అయినది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము 1982లో మొదలైనది. 1996లో జిల్లా స్థాయి పథకమును మొదట ప్రయత్నించిన నాలుగు రాష్ట్రములలో మన రాష్ట్రము ఒకటి. 1912 నాటి చట్టము పోయి 1987 చట్టము, అది కూడ పోయి 2017 చట్టము వచ్చినవి. ఈ చివరి చట్టము ప్రకారము గొలుసులతో కట్టుట నేరము. పెద్దవాడు తన జబ్బు తాను తెలిసికొని తానే ఆసుపత్రిలో చేరవచ్చును, ఏ సందర్శకుల సమ్మతియు అక్కరలేదు. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని నేరస్థునిగా కాక, తీవ్రమైన మనోవేదనలో ఉన్నవానిగా ఎంచవలెనని కూడ అందులో ఉన్నది. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక విభాగమునకు ఓ.పి. చీటీ వ్రాయించుకొనుట కంటి విభాగమునకు వ్రాయించుకొన్నట్లే. 2022 అక్టోబరు నుండి 14416 అను నంబరుకు ఫోను చేసినచో, ఖర్చు లేకుండ తెలుగులోనే మాటాడవచ్చును. ఇన్ని ఉన్నను, 2015-16లో జరిగిన జాతీయ సర్వే ప్రకారము, మానసికమైన జబ్బులున్నవారిలో చికిత్స అందనివారు, జబ్బును బట్టి, నూటికి డెబ్బది నుండి తొంబది ఇద్దరి వరకు ఉన్నారు. డాక్టర్లు చాలరన్నది నిజము. పాటల పుస్తకములలో చీటీలు ఎన్ని ఉన్నవో ఏ సర్వే వారు లెక్కింపగలరు?

ఆ వరండాలో కలిసిన సంఘ పెద్దగారు, మేము, తరువాత పదునాలుగేండ్లు స్నేహితులముగా ఉన్నాము. ఎక్కడ కలిసినను ఆయన మొదటి మాట, “మీ బావమరిది ఎట్లా ఉన్నాడు మాస్టారూ?” “కులాసా. మీవాడో?” “మావాడు కూడ కులాసా.” ప్రక్కనున్నవారికి అర్థమయ్యేది కాదు. మా ఇద్దరి బావమరుదులూ హైదరాబాదులో క్షేమముగా ఉన్నారు. వారికి ఈ సంగతి తెలియదు. ఆయన చక్కెర వ్యాధి వలన మూత్రపిండములు చెడి చనిపోయారు. జ్ఞాపకార్థ కూడికలో ఆయన సేవను గూర్చి పదిమంది మాటలాడారు. చక్కెరను గూర్చి, డయాలిసిస్‌ను గూర్చి, ఆయన ఓర్పును గూర్చి చెప్పారు. ఆ మరియొక జబ్బుతో ఆయన చేసిన పోరాటమును గూర్చి ఎవరూ చెప్పలేదు, ఎవరికీ తెలియదు. మేము మాటలాడవలసి వచ్చినపుడు మేమూ చెప్పలేదు.

ఈ వ్యాసము మొదలు పెట్టినపుడు ఆయన భార్యగారి వద్దకు వెళ్ళి అడిగాము. ఆమె చాలసేపు ఊరకున్నది. తరువాత లోపలికి పోయి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చినది. అందులో ఆయన మందుల చీటీలన్నియు సంవత్సరముల వారీగా దారముతో కట్టి ఉన్నవి. “ఆయన సంగతి కూడ వ్రాయండి అన్నయ్యగారూ. పేరు మాత్రం వద్దు. మా మనుమరాలికి సంబంధాలు చూస్తున్నాం” అన్నది. పేరు వ్రాయలేదు.